210 మెగాహెర్ట్జ్ మీద ఆగిపోయిన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు: మదర్‌బోర్డు మార్చే ముందు చూడాల్సినవి

మీరు చెప్పినదాంట్లో ముఖ్యమైనవి ఇవీ. ఊరు పాలకొల్లు. మూడేళ్ల కిందటి గేమింగ్ ల్యాప్‌టాప్, అందులో ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు. ఏ గేమ్ పెట్టినా సెకనుకి 12, 14 ఫ్రేములు దాటడం లేదు. కోర్ క్లాకు, అంటే చిప్ పని చేసే వేగం, 210 మెగాహెర్ట్జ్ నుంచి కదలడం లేదు, వేడి 52 డిగ్రీలు, కార్డు తీసుకునే పవరు 9 వాట్లు. విండోస్ మళ్లీ వేశారు, డ్రైవరు మార్చారు, చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే పేస్టు కూడా కొత్తది పెట్టించారు. పాత అడాప్టర్ వర్షాల్లో పోతే బజార్లో వేరేది కొన్నారు. గ్రాఫిక్స్ చిప్ పోయింది, బోర్డు మార్చాల్సిందే అని షాపువాళ్లు తేల్చేశారు.

ఇప్పుడప్పుడే బోర్డు మార్చకండి. చిప్ పోతే కనిపించే లక్షణాలు వేరు: తెర మీద గీతలు, రంగు చుక్కలు, గేమ్ తెరవగానే బ్లూ స్క్రీన్, డివైస్ మేనేజర్‌లో కోడ్ 43, లేదంటే కార్డు అసలు కనపడకపోవడం. మీ కార్డు నెమ్మదిగానైనా ఒక్క తప్పు లేకుండా బొమ్మ గీస్తోంది. అంటే చిప్ బతికే ఉంది, దాన్ని ఏదో పట్టి ఆపుతోంది. 3050 ల్యాప్‌టాప్ కార్డుకి కంపెనీని బట్టి 35 నుంచి 80 వాట్ల దాకా ఇస్తారు, బూస్ట్ క్లాకు, అంటే పని పడినప్పుడు అందుకునే వేగం, 1057 నుంచి 1740 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. మీ మోడల్ ఆ వరుసలో అడుగున ఉన్నదే అనుకున్నా 9 వాట్లు, 210 మెగాహెర్ట్జ్ అనేది పని చేసేటప్పుడు ఉండాల్సిన లెక్క కాదు. అది కార్డు ఖాళీగా కూర్చున్నప్పటి లెక్క.

అందుకే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కార్డు నిజంగానే ఖాళీగా ఉందా, పని చేస్తూనే 210 మీద ఉందా? క్లాకు ఒక్కటే చూస్తే ఇది తెలియదు, పక్కనే వాడకం శాతం కూడా చూడాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్తే జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న గ్రాఫిక్స్, రెండోది ఎన్‌విడియా. గేమ్‌ని విండోలో నడుపుతూ చూడండి. ఎన్‌విడియా వాడకం 2, 3 శాతమే ఉండి చిన్నది 95 దగ్గర ఉంటే గేమ్ తప్పు కార్డు మీద నడుస్తోందని అర్థం. అప్పుడు 210 అనేది రోగమే కాదు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే పని అయిపోతుంది. అలా కాకుండా ఎన్‌విడియా 98, 99 చూపిస్తూ క్లాకు మాత్రం 210 మీదే ఉంటే అదీ అసలు జబ్బు. 99 శాతం అని చూసి కార్డు పూర్తి బలంతో పని చేస్తోందని చాలామంది అనుకుంటారు. ఆ శాతం ఇప్పుడున్న క్లాకుని బట్టి వేసే లెక్క. తూము ముప్పావు మూసేసినా బోదె ఆ వచ్చే నీటి మేరకు నిండుగానే పారుతుంది కదా, అలాగే.

ఇది నిజమైన జబ్బే అని తేలాక ఆపుతున్నదెవరో కార్డునే అడగొచ్చు. డ్రైవరుతో పాటే ఎన్‌విడియా-ఎస్ఎంఐ అనే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్‌విడియా-ఎస్ఎంఐ -క్యూ -డి పెర్ఫార్మెన్స్ అని కొట్టండి. గేమ్ నడుస్తూ ఉండగానే కొట్టాలి. ఆపేసి కొడితే ఐడిల్ అనే వస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. పాత డ్రైవర్లలో క్లాక్స్ థ్రాటిల్ రీజన్స్ అని, కొత్తవాటిలో క్లాక్స్ ఈవెంట్ రీజన్స్ అని ఒక జాబితా వస్తుంది. వాటిలో దేని పక్కన యాక్టివ్ అని ఉందో చూసుకోండి.

ఎస్‌డబ్ల్యూ పవర్ క్యాప్ యాక్టివ్ అయితే డ్రైవరు తనకిచ్చిన వాట్ల హద్దు దగ్గర ఆపుతోంది. హద్దు మామూలుగా ఉంటే ఇది ఆరోగ్యంగా ఉన్న కార్డులోనూ కనపడుతుంది. కానీ హద్దే 10 వాట్లకు దిగిపోయి ఉంటే ఎవరు దించారో వెతకాలి. ఎస్‌డబ్ల్యూ థర్మల్, హెచ్‌డబ్ల్యూ థర్మల్ అనేవి వేడికి సంబంధించినవి. హెచ్‌డబ్ల్యూ పవర్ బ్రేక్ అంటే బయట నుంచి, అంటే ల్యాప్‌టాప్ పవర్ సర్క్యూట్ నుంచి ఒక తీగ మీద ఆపమని సంకేతం వస్తోందని. ఉత్త హెచ్‌డబ్ల్యూ స్లోడౌన్ అని ఉంటే వేడి కావచ్చు, ఆ పవర్ బ్రేకే కావచ్చు. అది పడినప్పుడు క్లాకు సగానికి గానీ అంతకన్నా కిందకి గానీ కోసేస్తారు. అప్లికేషన్స్ క్లాక్స్ సెట్టింగ్ అని ఉంటే ఎవరో చేత్తో క్లాకు కట్టేశారని అనుమానించాలి. కొన్ని ల్యాప్‌టాప్ కార్డుల్లో ఈ జాబితాలో కొన్ని వరుసలు ఎన్ స్లాష్ ఏ అని వస్తాయి. అప్పుడు జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో సెన్సర్ల పేజీ తెరిచి పెర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస చూడండి. అందులో పీడబ్ల్యూఆర్ అంటే పవరు, టీహెచ్‌ఆర్‌ఎం అంటే వేడి. వీరెల్ కనపడితే కంగారు పడకండి, కార్డు తన వోల్టేజీ హద్దు దగ్గర పూర్తి వేగంతో నడుస్తోందనే అర్థం.

పనిలో పనిగా ఇంకో రెండు అంకెలు చూడండి. ఒకటి మెమరీ క్లాకు. కోర్ 210, మెమరీ 405 ఉంటే కార్డు ఖాళీ స్థితి నుంచి లేవనే లేదు. కోర్ 210 మీదే ఉండి మెమరీ మాత్రం పూర్తిగా పైకి లేచి ఉంటే, కార్డు పనిలోకి దిగింది కానీ కోర్‌ని ఎవరో పట్టుకున్నారు. ఈ రెండోది కనపడితే నా అనుమానం మొదట పవర్ దారి మీదకే వెళ్తుంది. రెండో అంకె ప్రాసెసర్ వేగం, టాస్క్ మేనేజర్‌లోనే కనపడుతుంది. గేమ్ నడుస్తున్నప్పుడు అది కూడా 0.39 లేదా 0.79 గిగాహెర్ట్జ్ మీద కూర్చుని ఉంటే ల్యాప్‌టాప్ మొత్తాన్నీ ఒకరే ఆపుతున్నారన్నమాట. అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవరుతో కుస్తీ పట్టడం దండగ. ప్రాసెసర్ 3, 4 గిగాహెర్ట్జ్‌తో హాయిగా పరిగెడుతూ గ్రాఫిక్స్ ఒక్కటే ఆగితే డ్రైవరు, కంపెనీ యాప్, గ్రాఫిక్స్ వైపు పవర్ సర్క్యూట్, ఈ మూడింటి మధ్య వెతకొచ్చు.

ఇక అడాప్టర్ సంగతి. మీరు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ నేను వెతికితే ముందు వెతికేది ఇక్కడే.

అడాప్టర్ వెనక చీటీ మీద అవుట్‌పుట్ అని రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు గుణించండి. 19.5 వోల్టులు, 7.7 ఆంపియర్లు అయితే 150 వాట్లు. 20 వోల్టులు, 6.75 అయితే 135. 19.5, 3.34 అయితే 65 వాట్లే, మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌ది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 వాట్స్ అని వేసి, కింద చీటీలో 3.34 అని ఉండే సరుకు బజార్లో దొరుకుతుంది. గుణిస్తేనే తెలుస్తుంది. పిన్ను సరిపోయింది, ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి అడాప్టర్ బాగానే ఉందనుకోవడానికి లేదు. తక్కువ వాట్ల అడాప్టర్ పెడితే ల్యాప్‌టాప్ బ్యాటరీని ఎక్కించుకుంటుంది, బ్రౌజింగ్ చేయిస్తుంది, గేమ్ పెట్టగానే గ్రాఫిక్స్ నోరు నొక్కేస్తుంది. పాత అడాప్టర్ పారేయకపోతే దాని చీటీతో పోల్చి చూడండి, లేదా ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉన్న అంకె చూడండి.

వాట్లు సరిపోయినా ఇంకో చిక్కు ఉంది. డెల్, హెచ్‌పీ అడాప్టర్ల గుండ్రటి పిన్ను లోపల మధ్యలో సూది లాంటి సన్నటి పిన్ను ఒకటి ఉంటుంది. దాని గుండా పవరు రాదు. అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్ తెలుసుకునే దారి అది. డెల్ అడాప్టర్లో ఇందుకోసం చిన్న మెమరీ చిప్ ఉంటుంది. లెనోవో పలక పిన్నులో అయితే మధ్య పిన్నుకి, గ్రౌండుకి మధ్య ఉన్న రెసిస్టర్ విలువను బట్టి వాట్లు గుర్తుపడుతుంది. ఆ సూది వంగినా, నల్లబడినా, లోపలి తీగ తెగినా, కంపాటిబుల్ అడాప్టర్లో ఆ చిప్ అసలు లేకపోయినా ల్యాప్‌టాప్‌కి అది ఎంత అడాప్టరో తెలియదు. తెలియనప్పుడు అది జాగ్రత్త వైపే మొగ్గుతుంది: ప్రాసెసర్‌ని, గ్రాఫిక్స్‌ని కనిష్ఠంలో పెడుతుంది, కొన్నిసార్లు బ్యాటరీ కూడా ఎక్కించుకోదు. డెల్‌లో ఆన్ చేయగానే అడాప్టర్ రకం గుర్తించలేకపోయామని సందేశం వస్తుంది. చాలామంది ఎంటర్ కొట్టి దాటేస్తారు. ఆన్ చేసేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే అడాప్టర్ వాట్లు ఎంతగా కనపడుతున్నాయో ఉంటుంది. అక్కడ అన్‌నోన్ అని ఉంటే మీ వెతుకులాట అక్కడితో సరి.

పిన్నుని చూడటం ఇలా. కరెంటు తీసేసి ఐదు నిమిషాలు ఆగండి. ఫోన్ టార్చి వేసి, ఫోన్ కెమెరా జూమ్ చేసి పిన్ను లోపలికీ, ల్యాప్‌టాప్ జాక్ లోపలికీ చూడండి. సూది నిటారుగా మధ్యలో ఉండాలి, ఇత్తడి లేదా వెండి రంగులో మెరవాలి. నలుపు తిరిగినా, ఆకుపచ్చ పొడి పట్టినా కాంటాక్ట్ సరిగా లేనట్టే. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ పచ్చపొడి మామూలే. పాలకొల్లులోనూ వర్షాకాలం తేమకి వస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి దూది పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. చేతులు తుడుచుకునే శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు, జిగురు ఉంటాయి. మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడాలనుకుంటే ఒక్క జాగ్రత్త. ప్రోబు మొన జారి మధ్య సూదికీ లోపలి గోడకీ ఒకేసారి తగిలితే 19.5 వోల్టులు నేరుగా ఆ గుర్తింపు చిప్ మీదకి పోతాయి. బాగున్న అడాప్టర్ కూడా అక్కడే పోతుంది. చేయి నిలకడ లేకపోతే ఆ కొలత జోలికి పోకండి. అయినా ఖాళీగా కొలిచిన వోల్టేజీ చెప్పేది తక్కువే. లోడు పడినప్పుడు కుంగిపోయే అడాప్టర్ కూడా ఖాళీగా 19.5 చూపిస్తుంది.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, అదే మోడల్ ఉన్నవాళ్ల దగ్గర అసలు అడాప్టర్ ఒక అరగంట అడిగి తెచ్చుకోవడం. భీమవరం, నరసాపురం ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో గేమింగ్ ల్యాప్‌టాప్‌లకి కొదవ లేదు. పెట్టగానే క్లాకు లేచిందంటే మీ ఖర్చు ఒక అడాప్టర్‌తో తెమిలిపోయింది. కంపెనీ అడాప్టరే కొనండి, వాట్లు అసలుదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, వోల్టేజీ మాత్రం అదే ఉండాలి.

టైప్ సీ ఛార్జర్‌తో నడిపే వాళ్లకీ ఇదే గతి. 65 వాట్ల ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ గేమ్‌కి చాలదు. 100 వాట్లదైనా సరే, చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు టైప్ సీ నుంచి పవరు వస్తున్నప్పుడు గ్రాఫిక్స్‌ని తగ్గించే నడుపుతాయి.

అడాప్టర్ తర్వాత బ్యాటరీ. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో కరెంటు పెట్టి ఉన్నా బ్యాటరీకి పని ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒక్కసారిగా ఎగదోస్తే, ఆ క్షణానికి అడాప్టర్ ఇవ్వలేని కాస్త పవరుని బ్యాటరీ అందిస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా, విప్పి పక్కన పెట్టినా ఆ ఆసరా ఉండదు కాబట్టి చాలా మోడల్స్ క్లాకుని ముందుగానే కట్టేస్తాయి. అందుకని బ్యాటరీ విప్పి గేమ్ పెట్టి చూశాను, మారలేదు అనే పరీక్షకి విలువ లేదు. దాని బదులు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, స్పేసు ఇచ్చి, వాలుగీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే, లేదా ఛార్జ్ 100 నుంచి ఒక్కసారిగా 40కి దూకుతుంటే బ్యాటరీ మార్చే వేళ అయింది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు ఉన్నా, మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బితే నొక్కొద్దు, గుచ్చొద్దు, ఇంకోసారి ఛార్జింగ్ పెట్టొద్దు.

ఇంటి కరెంటు గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే మన వైపు దీన్ని ఎక్కువగా తిట్టేది, తప్పుగా తిట్టేది కూడా. ఆకివీడు, ఉండి, కాళ్ల వైపు రాత్రిళ్లు చెరువుల్లో ఏరేటర్లన్నీ తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది. ఫ్యాను నెమ్మదిస్తుంది, ల్యాప్‌టాప్‌కి కూడా అదే కారణం అనుకుంటారు. అడాప్టర్ చీటీ చూడండి, ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. 170 వోల్టులు వచ్చినా అది అవుట్‌పుట్ తగ్గించదు, గోడ నుంచి ఆంపియర్లు ఎక్కువ లాక్కుంటుంది, అంతే. దానివల్ల వదులుగా ఉన్న సాకెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కుతాయి. అక్కడ చిటపటమని మెరిస్తే అడాప్టర్ క్షణక్షణం ఆగి మొదలవుతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీకీ కరెంటుకీ మధ్య ఊగుతుంది. ఛార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉంటే ఇదే. అడాప్టర్‌ని ఎక్స్‌టెన్షన్ లేకుండా నేరుగా గోడ సాకెట్టుకి పెట్టి చూడండి.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే క్లాకు పడితే అది వేరే కథ. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద 75 వాట్లు దాటిన అడాప్టర్లు గుయ్యిమని మోగుతాయి, మామూలు కన్నా వేడెక్కుతాయి. వాటి లోపల కరెంటు లాగే తీరును సరిచేసే పీఎఫ్‌సీ సర్క్యూట్‌కి ఆ రకం కరెంటు సరిపడదు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది వేస్తే కరెంటు పోయినప్పుడు మారడం త్వరగా జరుగుతుంది కానీ, ఆ మోడ్‌లో ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు. లైను కాస్త కుంగగానే బ్యాటరీ మీదకి దూకుతుంది. లోవోల్టేజీ ఊళ్లో ఆ స్విచ్ వేస్తే సాయంత్రమంతా టకటకమని మారుతూనే ఉంటుంది. మంచి ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉంటే ఆ స్విచ్ అక్కర్లేదు, మామూలు మోడ్‌లోనే ఉంచండి.

పవర్ దారి శుభ్రంగా ఉందని తేలినా క్లాకు కదలకపోతే ఈసీ రీసెట్ చేయండి. అడాప్టర్‌ని, బ్యాటరీని, ఫ్యాన్లని చూసుకునే చిన్న కంట్రోలర్‌ని ఈసీ అంటారు. కరెంటు ఆగి ఆగి వచ్చినప్పుడు అది ఒక్కోసారి పాత స్థితిలోనే ఇరుక్కుపోతుంది. అడాప్టర్ సరైనదే పెట్టినా పాత హద్దునే పట్టుకుని ఉంటుంది. విండోస్ మళ్లీ వేస్తే అది పోదు, ఎందుకంటే ఈసీ విండోస్‌లో లేదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల కొంత భాగం నిద్రపోతుందే గానీ పూర్తిగా ఆగదు. అడాప్టర్ తీసేయండి, యూఎస్‌బీలు తీసేయండి. పవర్ బటన్ 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. కొన్ని లెనోవో మోడల్స్‌లో అడుగున సూది పట్టే రంధ్రం ఉంటుంది, అందులో పిన్నుతో నొక్కాలి. అడుగు మూత విప్పడం వచ్చినవాళ్లు బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి, అప్పుడు బటన్ నొక్కితే ఇంకా ఖాయం. కనెక్టర్ తిరిగి పెట్టి, ముందు అడాప్టర్ పెట్టి, తర్వాత ఆన్ చేయండి.

బయోస్ అప్‌డేట్ కూడా ఇక్కడే పనికొస్తుంది. ఈసీ ప్రోగ్రామ్ దాంతోనే వస్తుంది కాబట్టి. కానీ బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు, కరెంటు పోయే సాయంత్రం వేళ బయోస్ ముట్టుకోవద్దు. మధ్యలో ఆగితే అప్పుడు నిజంగానే బోర్డు పని పడుతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు మీరు ఇప్పటికే చాలా చేశారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కంపెనీ యాప్‌లో సైలెంట్ మోడ్ పడి ఉందేమో చూడండి. లెనోవో గేమింగ్ మోడల్స్‌లో ఎఫ్ఎన్, క్యూ కలిపి చేయి తగిలితే మారిపోతుంది, తెలియను కూడా తెలియదు. ఆసుస్‌లో ఆర్మరీ క్రేట్, హెచ్‌పీలో ఒమెన్ హబ్ చూడాలి. విండోస్ మళ్లీ వేశాక ఈ యాప్ వేయకుండా వదిలేస్తే కొన్ని మోడల్స్ తక్కువ పవర్ మోడ్‌లోనే ఉండిపోతాయి. మీ విషయంలో ఇది జరిగి ఉండొచ్చు, తప్పకుండా చూడండి. ఎన్‌విడియా యాప్‌లో విస్పర్ మోడ్, బ్యాటరీ బూస్ట్ ఆపేయండి. ఫ్రేములు సరిగ్గా 30 దగ్గర ఆగితే బ్యాటరీ బూస్టే కావచ్చు, అలాగైతే ల్యాప్‌టాప్ తాను కరెంటు మీద లేననుకుంటోంది. మళ్లీ అడాప్టర్ దగ్గరికే రావాలి. క్లాకు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ ఎప్పుడైనా వేసి ఉంటే రీసెట్ బటన్ నొక్కి, విండోస్‌తో పాటే ప్రొఫైల్ పెట్టే గుర్తు తీసేయండి. క్లాకు కట్టేశారన్న అనుమానం ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎన్‌విడియా-ఎస్ఎంఐ -ఆర్‌జీసీ కొట్టండి, కట్టు ఊడిపోతుంది.

ఎస్‌డబ్ల్యూ పవర్ క్యాప్ 10 వాట్ల దగ్గర యాక్టివ్ అని వచ్చినవాళ్లు డివైస్ మేనేజర్‌లో ఎన్‌విడియా ప్లాట్‌ఫామ్ కంట్రోలర్స్ అండ్ ఫ్రేమ్‌వర్క్ అనే దాన్ని డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేసి చూడొచ్చు. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ మధ్య వాట్లు పంచేది అదే. కొన్ని మోడల్స్‌లో ఆ పంపకం తప్పుతుంది. డిసేబుల్ చేశాక క్లాకు లేస్తే కారణం దొరికినట్టే, కానీ డైనమిక్ బూస్ట్ వాట్లు, అంటే ఆ పంపకంలో గ్రాఫిక్స్‌కి అదనంగా వచ్చేవి, పోతాయి. కాబట్టి అలా వదిలేయకుండా డ్రైవర్లు తుడిచే డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో సేఫ్ మోడ్‌లో డ్రైవరు మొత్తం తుడిచి, ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో ఉన్న డ్రైవరు వేసి, తర్వాత మళ్లీ ఎనేబుల్ చేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ప్రిఫర్ మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టమని అందరూ చెబుతారు. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు క్లాకు దిగకుండా చూడటానికే అది. బయట నుంచి పవర్ బ్రేక్ పడినప్పుడు దాని మాట చెల్లదు.

రెండు పనులు మాత్రం చేయొద్దు. వీడియోల్లో చూసి వేరే మోడల్ వీబయోస్ (గ్రాఫిక్స్ కార్డు లోపలి ప్రోగ్రామ్) ఎక్కించకండి. ప్రాసెసర్ హద్దులు మార్చే థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో బీడీ ప్రోక్‌హాట్ గుర్తు తీసేసి సమస్య తీరిందనుకోకండి. అది ప్రాసెసర్‌ని ఆపే సంకేతాన్ని పట్టించుకోకుండా చేస్తుంది, అంతే. గ్రాఫిక్స్‌కి దానితో సంబంధం లేదు. ఆ సంకేతం నిజమైన వేడి వల్లో, పవర్ సర్క్యూట్ తప్పు వల్లో వస్తుంటే కాపలావాణ్ణి పంపేసినట్టవుతుంది. పరీక్ష కోసమే అయితే తీసి చూసి, ప్రాసెసర్ లేచిందని నిర్ధారించుకుని, వెంటనే మళ్లీ పెట్టేయండి.

కోర్ వేడి మీ విషయంలో కారణం కాదు, 52 డిగ్రీలే ఉంది. వేడితో ఆగే కార్డు ఒకే అంకె మీద బిగుసుకోదు. 87 దగ్గరికి వెళ్లి క్లాకుని 15 మెగాహెర్ట్జ్ చొప్పున దించుకుంటూ, చల్లబడగానే ఎక్కుతూ ఊగుతుంది. అయినా మూత విప్పితే ఎలాగూ కనపడేదే కాబట్టి చెబుతున్నాను. మన దగ్గర హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకునేది ఉత్త దుమ్ము కాదు. కోతల కాలంలో ఊక నుసి, కోనసీమ వైపు కొబ్బరి పీచు పొడి, దీపం వెలుగుకి వచ్చి చచ్చిన పచ్చదోమ, వీటన్నిటికీ తేమ తోడై ఫ్యానుకీ రేకులకీ మధ్య గుడ్డలాగా ఒక పొర కడుతుంది. బయట నుంచి బ్లోయర్ కొడితే అది కదలదు, ఇంకా లోపలికి దిగబడుతుంది. ఫ్యాను మరలు విప్పి పక్కకి జరిపితే ఆ పొర ట్వీజర్‌కి ఒక ముక్కగా ఊడి వస్తుంది. పేస్టు మార్పించారు కదా, ఆ పని చేసినవాళ్లు మెమరీ చిప్‌ల మీద, పవర్ కాయిల్స్ పక్కన ఉండే మెత్తటి ప్యాడ్లు తిరిగి అదే మందంతో పెట్టారో లేదో అడగండి. ప్యాడ్ల బదులు పేస్టే పూసేస్తే అక్కడ ఖాళీ మిగిలిపోతుంది. కోర్ 52 చూపిస్తున్నా పవర్ భాగం కాలిపోతూ ఉంటుంది, దాని సెన్సర్ హెచ్‌డబ్ల్యూ స్లోడౌన్ పడేయిస్తుంది. సమస్య పేస్టు పెట్టించిన తర్వాత మొదలైతే దీన్ని అడాప్టర్‌తో సమానంగా అనుమానించాలి.

ఇవన్నీ అయ్యాక కూడా 210 కదలకుండా, పవర్ బ్రేక్ యాక్టివ్ అనే వస్తుంటే అప్పుడు బోర్డు పని. అప్పుడు కూడా బోర్డు రిపేరు, బోర్డు మార్పు కాదు. చిప్ లెవెల్ పని చేసేవాళ్లు రాజమండ్రిలో, విజయవాడలో ఉన్నారు. వాళ్లని గ్రాఫిక్స్ చిప్ చూడమని అడగకండి. చార్జింగ్ ఐసీ దగ్గర, గ్రాఫిక్స్ పవర్ లైను మీద ఉన్న కరెంట్ సెన్స్ రెసిస్టర్లు కొలవమనండి. పైన ఆర్005 అని ఉంటే 5 మిల్లీఓములు, ఆర్010 అని ఉంటే 10. నీళ్లు తగిలి టంకం పాడైనా, పక్క ట్రాక్ పచ్చబడినా అది తప్పు లెక్క పంపుతుంది. 9 వాట్లే వాడుతున్నా 90 వాడుతున్నట్టు కంట్రోలర్ అనుకుంటుంది, బ్రేకు వేస్తుంది. తర్వాత అడాప్టర్ గుర్తింపు తీగని జాక్ నుంచి ఈసీ దాకా కంటిన్యూటీ, అంటే ఎక్కడా తెగలేదని, చూడమనండి. జాక్ కేబుల్ విడిగా ఉండే మోడల్స్‌లో చాలాసార్లు ఆ కేబుల్ మారిస్తే సరిపోతుంది. చివరగా పవర్ భాగం దగ్గర వేడి కొలిచే థర్మిస్టర్లు. ఈ మూడూ చూడకుండానే రీబాల్ చేస్తామంటే, అంటే చిప్ ఊడదీసి కొత్త టంకం ముత్యాలతో మళ్లీ అతికిస్తామంటే, ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకోండి. నిక్షేపంగా ఉన్న చిప్‌ని వేడి చేసి ఊడబెరికితే అది చచ్చే అవకాశం కొని తెచ్చుకున్నట్టు.

ముందు అడాప్టర్ చీటీ ఫోటో, గేమ్ నడుస్తుండగా తీసిన ఆ రీజన్స్ జాబితా, అదే సమయంలో మెమరీ క్లాకు, ప్రాసెసర్ వేగం పెట్టండి. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు పూర్తిగా రాయండి. ఒకే పేరుతో వచ్చే మోడల్స్‌లో కూడా అడాప్టర్ వాట్లు వేర్వేరుగా ఉంటాయి.